కిలోకు నాలుగు రూపాయలు: సర్కారు చేయాల్సిన పని ఇదేనా?

మామిడితోట:
2025 తోతాపురి మామిడి సీజన్ గురించి చిత్తూరు జిల్లావాళ్లకు చెప్పక్కర్లేదు. బయటివాళ్ల కోసం నాలుగు ముక్కలు. కాయ విరగకాసింది. గుజ్జు ఫ్యాక్టరీల్లో అంతకుముందు ఏడాది సరుకు అమ్ముడుపోకుండా మిగిలింది. దాంతో వాళ్లు కొనడానికి వెనకాడారు. చివరికి ప్రభుత్వం కిలోకు 12 రూపాయలు వచ్చేలా చూస్తామంది. అందులో 8 రూపాయలు ఫ్యాక్టరీ ఇవ్వాలి, 4 రూపాయలు సర్కారు రైతు ఖాతాలో వేస్తుంది.

మాది బంగారుపాళ్యం పక్కన. ట్రాక్టరు తీసుకెళ్లి ఫ్యాక్టరీ గేటు బయట రోడ్డు వార పెట్టాం. చేతిలో టోకెన్ ఉంది కానీ లైను కదలదు. ట్రాలీలో అడుగున ఉన్న కాయ మెత్తబడి రసం కారడం మొదలైంది, చక్రాల దగ్గర ఈగలు ముసిరాయి. కాటా దాకా చేరేసరికి 'మెత్తకాయ' అని తరుగు తీశారు. కోత కూలి, ట్రాక్టరు బాడుగ, డ్రైవరు బత్తా పోగా ఎంత మిగిలిందని మా నాయన అడిగితే ఫోన్ చూసుకుంటున్నట్టు నటించాను. 8 ఇస్తామన్న ఫ్యాక్టరీ 8 ఇవ్వలేదు, అది ఇంకో కథ.

ఆ నాలుగు రూపాయలు నేనూ తీసుకున్నా. వద్దనను. కానీ ఒక జిల్లా బాగుపడాలంటే ప్రభుత్వం చేయాల్సిన పని ఇదేనా? ధర పడ్డాక డబ్బులు వేయడమా, అసలు పడకుండా ముందే ఏదైనా చేయడమా? లేక ఇందులో వేలు పెట్టకుండా తప్పుకోవడమా? తెలిసినవాళ్లు చెప్పండి.

వైట్‌ఫీల్డ్‌లో చిత్తూరోడు:
నేను మూడోదానికే ఓటేస్తా. ధర పడిందంటే సరుకు ఎక్కువైందని అర్థం. నాలుగు రూపాయలు చేతిలో పెడితే ఆ మాట రైతుకు వినపడదు, మళ్లీ తోతాపురే పెడతాడు. 1991కి ముందు ప్రతిదానికీ లైసెన్స్, ప్రతిదానికీ కోటా. చివరికి బంగారం విదేశాల్లో తాకట్టు పెట్టుకునే గతి పట్టింది. సర్కారు చేతులు తీశాకే కదా నాలాంటివాళ్లకు బెంగళూరులో ఉద్యోగాలు వచ్చింది. రోడ్లు, కరెంటు, పోలీసు, కోర్టు. అంతవరకే సర్కారు. మిగతాది మార్కెట్టే చూసుకుంటుంది.

నీవాగట్టు:
తమ్ముడూ, మార్కెట్ చెప్పిన మాట విని జూలైలో టమోటాగా మారిపోవడానికి మామిడి చెట్టుకు చెవుల్లేవు. ఒకసారి నాటితే ముప్పై నలభై ఏళ్లు. పైకొమ్మలు కొట్టేసి వేరే రకం అంటు కట్టినా మళ్లీ కాపుకు రావడానికి మూడేళ్లన్నా పడుతుంది. ఆ మూడేళ్లు ఆ ఇంట్లో పొయ్యి మీదికి ఏం పెట్టాలో కూడా నీ మార్కెట్టే చెప్తుందా?

వైట్‌ఫీల్డ్‌లో చిత్తూరోడు:
అన్నా, వెటకారం సరే. అదే జూన్‌లో మన జిల్లా యంత్రాంగం కర్ణాటక తోతాపురి రాకుండా చెక్‌పోస్టుల దగ్గర ఆపింది. అక్కడి ముఖ్యమంత్రి మన ముఖ్యమంత్రికి లేఖ రాయాల్సి వచ్చింది. అక్కడి శ్రీనివాసపురం రైతుదీ మామిడే కదా? రాజ్యాంగం 301వ అధికరణం దేశమంతా వ్యాపారం స్వేచ్ఛగా సాగాలంటుంది. వేలు పెట్టడం మొదలుపెడితే ఎక్కడ ఆగుతుందో చూడండి.

మామిడితోట:
ఆ విషయంలో నాకూ మనసు ఒప్పుకోలేదు బ్రదర్. మాకు అవతల ఊళ్లలో చుట్టాలున్నారు. కానీ ఆ వారం ఇక్కడి లైన్లు చూసినవాడెవడూ ఆపొద్దని నోరు తెరవలేడు.

రిటైర్డ్ లెక్చరర్:
ఎకనామిక్స్ చెప్పి రిటైరైనవాణ్ణి, కొంచెం పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

ప్రభుత్వం ఉండాలా వద్దా అని మొదలుపెడితే ఎప్పటికీ తేలదు. 1944లో బాంబే ప్లాన్ రాసింది ఎవరు? కమ్యూనిస్టులు కాదు. టాటా, బిర్లా లాంటి పారిశ్రామికవేత్తలే. స్వతంత్రం వచ్చాక పెద్ద పరిశ్రమలకు, కరెంటుకు, రోడ్లకు పెట్టుబడి సర్కారే పెట్టాలని వాళ్లే అడిగారు. ఎందుకంటే అంత డబ్బు, లాభం కోసం అన్నేళ్ల ఎదురుచూపు, రెండూ వాళ్ల వల్ల అయ్యేవి కావు. ఆ తర్వాత మనం లైసెన్సుల్లో కూరుకుపోయామన్నది నిజమే, వైట్‌ఫీల్డ్ బాబు చెప్పినదాంట్లో తప్పులేదు.

కానీ అదే కాలంలో దక్షిణ కొరియా చూడండి. 1960ల్లో పార్క్ చుంగ్ హీ ప్రభుత్వం బ్యాంకులను గుప్పిట్లో పెట్టుకుంది, ఫలానా కంపెనీకి ఫలానా రంగం అని అప్పులిచ్చింది. ఉక్కు ఫ్యాక్టరీ పెడతామంటే ప్రపంచ బ్యాంకు లాభం లేదని పెదవి విరిచింది. అయినా 1968లో పోస్కో పెట్టారు, జపాన్ ఇచ్చిన నష్టపరిహారం సొమ్ము అందులో పోశారు. అది తర్వాత ప్రపంచంలోని పెద్ద ఉక్కు కంపెనీల్లో ఒకటైంది. మనకూ వాళ్లకూ తేడా ఎక్కడుంది? మన దగ్గర కూడా సర్కారు జోక్యం తక్కువేం కాదు. అక్కడ సాయానికి షరతు ఉండేది. ఇంత ఎగుమతి చేస్తానని మాటిచ్చి చేయలేకపోతే తర్వాతి అప్పు రాదు. మన దగ్గర సాయం అందుకున్నవాణ్ణి లెక్క అడిగే అలవాటు లేదు. (కొరియాలో అప్పట్లో నియంతృత్వం, కార్మికుల గొంతు నొక్కేశారు. ఆ భాగం కూడా నేర్చుకుందామని నా ఉద్దేశం కాదు.)

మీ మామిడికే వద్దాం. రైతుకు నాలుగు రూపాయలు వేశారు, మంచిదే. 8 రూపాయలు ఇవ్వని ఫ్యాక్టరీకి ఏమైంది? ఈ ప్రశ్నకు జవాబు లేనంతవరకు ఆ పథకం సగమే.

సత్యవేడు కుర్రోడు:
సార్, మా ఊరి పక్కన శ్రీసిటీ అనే పారిశ్రామికవాడ ఉంది. నేను అక్కడ ఒక విడిభాగాల యూనిట్‌లో పనిచేస్తున్నా. టీవీల్లో దాన్ని ప్రైవేటు విజయం అంటారు. ప్రైవేటు కంపెనీ నడుపుతున్న మాట నిజం. కానీ ఆ వేల ఎకరాలు సేకరించింది ఏపీఐఐసీ, అంటే రాష్ట్ర సర్కారు పరిశ్రమల సంస్థ. సెజ్ (ప్రత్యేక ఆర్థిక మండలి) హోదా ఇచ్చింది కేంద్రం. జాతీయ రహదారి పక్కనే, చెన్నై ఓడరేవులు గంటన్నర రెండు గంటల దూరం. 2008లో మొదలైన చోటికి ఈరోజు బండ్లు చేసే ఇసుజు, రైలు పెట్టెలు చేసే ఆల్‌స్టామ్, ఏసీలు చేసే డైకిన్, చాక్లెట్లు చేసే కంపెనీ, పేస్టులు చేసే కంపెనీ అన్నీ వచ్చాయి. సర్కారు స్థలం చూపకపోతే వాళ్లు సరిహద్దు దాటకుండా తమిళనాడులోనే ఆగిపోయేవాళ్లు.

అలాగని సర్కారు తలుచుకుంటే చాలనుకోకండి. శ్రీకాళహస్తి దగ్గర మన్నవరం చూడండి. 2010 సెప్టెంబరు 1న ప్రధాని మన్మోహన్ సింగ్ వచ్చి శంకుస్థాపన చేశారు. ఎన్‌టీపీసీ, బీహెచ్‌ఈఎల్ కలిసి విద్యుత్ పరికరాల ఫ్యాక్టరీ అన్నారు, వేల ఉద్యోగాలన్నారు. నేనప్పుడు స్కూల్లో ఉన్నా, మా మేనమామ అక్కడ టీ కొట్టుకు స్థలం కూడా చూసిపెట్టాడు. అనుకున్న ఫ్యాక్టరీ రానేలేదు. రెండూ ప్రభుత్వ రంగ సంస్థలే, భూమీ ఉంది, ప్రధానీ వచ్చాడు. ఏం తక్కువైంది?

రిటైర్డ్ లెక్చరర్:
ఆర్డర్లు. దేశంలో బొగ్గు విద్యుత్ కేంద్రాల జోరు తగ్గింది, పరికరాలు కొనేవాళ్లు తగ్గారు. పునాదిరాయి వేయడం చేతిలో పని, కొనుగోలుదారుణ్ణి తేవడం చేతిలో లేదు. శ్రీసిటీలో సర్కారు ఏ ఒక్క వస్తువు మీదా పందెం కాయలేదు. స్థలం ఇచ్చింది, ఏసీలు చేస్తారో చాక్లెట్లు చేస్తారో వచ్చినవాళ్ల ఇష్టానికి వదిలేసింది. ఒకటి పోయినా ఇంకొకటి నిలబడుతుంది. మన్నవరంలో అన్నీ ఒకే వస్తువు మీద పెట్టారు.

పలమనేరు పాడి:
నమస్తే. నేను ఆవులు మేపుకునేదాన్ని, మా ఊరి సంఘానికి లీడర్‌ని. లెక్చరర్ గారు పెద్ద పెద్ద దేశాలు చెప్పారు, నేను పాల సంగతి చెప్తాను.

చిత్తూరు డెయిరీ 2002లో మూతపడింది. అప్పటివరకు సహకార డెయిరీ బండి ఊళ్లోకి వచ్చేది. అది పోయాక కొన్నాళ్లు ఒక్కడే కొనేవాడు. పాల ధర ఫ్యాట్ (వెన్న శాతం) మీదే కదా, వాడు ఎంత చెప్తే అంత. మా అత్త పాలు ఎప్పుడు పోసినా ఒకే ఫ్యాట్ వచ్చేది, ఆవు మారినా సరే! తర్వాత రెండో డెయిరీ వచ్చింది, ఆ తర్వాత మూడోది. అప్పుడు మిషన్ మా కళ్ల ముందే పెట్టారు, చీటీ వస్తోంది, ఫ్యాట్, ఎస్‌ఎన్‌ఎఫ్ (కొవ్వు కాక పాలలో ఉండే ఘనపదార్థం) రెండూ కనిపిస్తాయి. ఇప్పుడు ఒకడు అర్ధరూపాయి తగ్గిస్తే మరుసటి పూట ఇంకొకడికి పోస్తాం.

2023లో అమూల్‌తో మళ్లీ తెరుస్తామని అప్పటి ముఖ్యమంత్రి శంకుస్థాపన చేశారు. ఎవరు పెట్టినా మాకు ఒకటే, ఊళ్లో కొనేవాళ్లు ఇద్దరికి తగ్గకూడదు, అంతే.

చిత్తూరు లోకల్:
అక్కా, ఆ డెయిరీ ఎందుకు మూతపడిందో కూడా చెప్పాల్సింది. ఎవరి ప్రైవేటు డెయిరీ కోసం...

మోడరేటర్:
ఇక్కడే ఆపుదాం. ఆ వాదన ప్రతి ఎన్నికకూ రెండు పార్టీలూ చేస్తున్నాయి, దానికి వేరే చర్చ ఉంది. ఇక్కడ పార్టీ పేర్లతో వచ్చే పోస్టులు తీసేస్తాను. పాడి అక్క చెప్పిన పాయింట్ మీద మాట్లాడండి.

నీవాగట్టు:
మోడరేటర్ గారూ, చిత్తూరులో పార్టీ లేకుండా పాల గురించి మాట్లాడటమంటే చింతపండు లేకుండా పులుసు పెట్టడమే. సరే, కానిద్దాం.

వైట్‌ఫీల్డ్‌లో చిత్తూరోడు:
పాడి అక్క చెప్పింది నా వాదనే కదా. ప్రైవేటులో పోటీ వస్తే ధర దానంతట అదే సర్దుకుంది.

పలమనేరు పాడి:
సగం నీ వాదనే తమ్ముడూ. సహకార డెయిరీ లేకపోతే అసలు ఈ జిల్లాలో ఇన్ని సంకర జాతి ఆవులు ఎక్కడివి? సంకర దూడల కోసం ఆవులకు సూదులు వేయించింది, పశువుల డాక్టర్ని పెట్టింది, పాలకు డబ్బులొస్తాయని మా అత్తల కాలంలో నమ్మకం కలిగించింది. దేశంలో 1970లో మొదలైన ఆపరేషన్ ఫ్లడ్ అనే పాల పథకం లేకపోతే ప్రైవేటువాళ్లు ఇక్కడికి వచ్చి ఏం కొనేవాళ్లు, గడ్డా?

ఇంకొకటి. పాలు పూటపూటా పోస్తాం. ఈ పూట మోసపోతే రేపటికి తెలివి వస్తుంది. మామిడి ఏడాదికి ఒకసారి. తెలివి వచ్చేసరికి సీజన్ అయిపోతుంది. పాలకు పోటీ సరిపోయింది కదా అని మామిడికీ సరిపోతుందనుకోను.

కుప్పం కాలువ:
మా వైపు అసలు సమస్య నీళ్లు. వెయ్యి అడుగులు వేసినా బోరులో దుమ్మొచ్చే ఊళ్లున్నాయి. హంద్రీ-నీవా ఎత్తిపోతల పథకం ద్వారా శ్రీశైలం నీళ్లు కుప్పం బ్రాంచి కాలువలోకి రావాలంటే ఏడు వందల కిలోమీటర్లకు పైగా ప్రయాణం, దారి పొడుగునా ఎత్తిపోతలు. ఏ ప్రైవేటు కంపెనీ చేస్తుంది చెప్పండి? 2024 ఫిబ్రవరిలో ఒక ముఖ్యమంత్రి, 2025 ఆగస్టులో ఇంకో ముఖ్యమంత్రి వచ్చి నీళ్లు వదిలారు. మా చెరువుకు మాత్రం రెండుసార్లు హారతి ఇచ్చినా తప్పులేదు, నీళ్లు వస్తే చాలు.

కానీ ఇదే సర్కారు ఇంకో చేత్తో ఏం చేసిందో చూడండి. 2004 నుంచి వ్యవసాయానికి ఉచిత కరెంటు. రైతుకు ఊపిరి పోసింది, కాదనను. మోటారు తిప్పడానికి ఖర్చు లేదు కాబట్టి పక్కోడి బోరుకంటే యాభై అడుగులు లోతుకు వేయడం కూడా అప్పటినుంచే పోటీ అయింది. బోరు ఖర్చు మాత్రం ఉచితం కాదు కదా, అప్పులన్నీ అక్కడే. డ్రిప్‌కు చిన్న రైతుకు 90 శాతం దాకా సబ్సిడీ ఇస్తారు, అది నీళ్లు మిగిల్చే సాయం. ఒకటి నీళ్లు మిగిలిస్తే ఒకటి నీళ్లు తోడేస్తుంది, రెండూ ఒకే ఖజానా నుంచి.

తిరుపతి లాడ్జి:
మీరంతా ప్రభుత్వం ప్రభుత్వం అంటున్నారు, మా తిరుపతిలో అదేదో ముందు తేల్చండి. కపిలతీర్థం వైపు నుంచి వచ్చే పెద్ద ఫ్లైఓవర్, శ్రీనివాస సేతు, 2023 సెప్టెంబరులో పూర్తిగా తెరిచారు. దాని ఖర్చులో మూడింట రెండు వంతులు దేవస్థానం పెట్టింది, మిగతాది స్మార్ట్ సిటీ డబ్బు. యూనివర్సిటీకి 1954లో స్థలం ఇచ్చింది దేవస్థానమే. స్విమ్స్ ఆసుపత్రీ అంతే. రోజుకు అరవై డెబ్బై వేల మంది కొండకు వస్తారు, మా లాడ్జీలు, ఆటోలు, టిఫిన్ హోటళ్లు అన్నీ వాళ్ల మీదే. భక్తుడి హుండీ డబ్బుతో రోడ్డు వేయొచ్చా అని ఒక గొడవ, ఆ రోడ్డు మీద వచ్చేది భక్తుడే కదా అని ఇంకో గొడవ. నేను రెండో పక్షం. కోవిడ్ లాక్‌డౌన్లో దర్శనాలు ఆగినప్పుడు ఊరు ఎలా ఉందో చూశాను కాబట్టి, ఒకే ఒక్క ఆదాయం మీద ఊరు నడవడం మాత్రం భయమే. ఏర్పేడులో ఐఐటీ, ఐసర్ వచ్చాయి, రేణిగుంట వైపు ఎలక్ట్రానిక్స్ యూనిట్లు వచ్చాయి. ఆ పిల్లలు మా ఊళ్లో గదులు అద్దెకు తీసుకోవడం మొదలైనప్పుడు కాస్త ధైర్యం వచ్చింది.

సారీ, మామిడి దారిలో నా లాడ్జీ కట్టేశాను. కొనసాగించండి.

డ్రమ్ము లెక్క:
ఇంతసేపు చదువుతూ ఊరుకున్నా. నేను ఒక గుజ్జు యూనిట్‌లో అకౌంట్స్ చూస్తా. ఏ యూనిట్ అని అడగొద్దు. మావాళ్ల వైపు కూడా ఒకసారి వినండి, తిట్టేది తర్వాత తిట్టండి.

ఫ్యాక్టరీ ఆడేది రెండు నెలలు. ఆ రెండు నెలల్లో చేసిన గుజ్జును అసెప్టిక్ (క్రిములు చొరని) సంచుల్లో నింపి 215 కిలోల డ్రమ్ముల్లో పెడతాం. అది ఏడాదంతా కూల్‌డ్రింక్ కంపెనీలకు, గల్ఫ్‌కు, యూరప్‌కు పోవాలి. కాయ కొనేది బ్యాంకు అప్పుతో. డ్రమ్ము గోడౌన్‌లో ఉన్నంతకాలం వడ్డీ నడుస్తూనే ఉంటుంది. టన్ను కాయకు సుమారు సగం గుజ్జు వస్తుంది, మిగతాది టెంక, తొక్క. పాత డ్రమ్ములు గోడౌన్‌లో పేర్చి ఉండగా కొత్త కాయ ఎందుకు కొనాలని ఓనరు అడుగుతాడు. సర్కారు 8 రూపాయలని చెప్పినప్పుడు బయట గుజ్జుకు ఎంత పలుకుతుందో అడగలేదు.

ఇప్పుడు మీ వైపు మాట్లాడతా. పాత స్టాకు ఎంత ఉందో మాకు డిసెంబరులోనే తెలుసు. బ్యాంకుకు నెలనెలా స్టాకు స్టేట్‌మెంట్ ఇస్తాం కాబట్టి దాచలేం కూడా. రైతుకు మాత్రం జూన్‌లో గేటు దగ్గర తెలుస్తుంది. ఈ జిల్లాలో మామిడి వ్యాపారం అంతా ఈ ఆరు నెలల తేడాలోనే ఉంది.

రిటైర్డ్ లెక్చరర్:
డ్రమ్ము లెక్క గారూ, ఈ చర్చలో అసలు మాట మీరే చెప్పారు. కొనేవాడికి తెలిసింది అమ్మేవాడికి తెలియనప్పుడు అక్కడ మార్కెట్ ఉందనడం మర్యాద కోసమే. సర్కారు ఖర్చులేకుండా చేయగలిగిన పని ఇక్కడ ఉంది: ప్రతి యూనిట్ స్టాకును పూత సమయానికే బయటపెట్టించడం.

ఇంకొకటి గుర్తుచేస్తా. చెరకుకు 1966 నాటి కేంద్ర ఉత్తర్వు ఉంది. సీజన్‌కు ముందే ధర ప్రకటించాలి, సరుకు అందిన 14 రోజుల్లో ఫ్యాక్టరీ డబ్బు కట్టాలి, ఆలస్యమైతే వడ్డీ కట్టాలి. మామిడికి అలాంటిదేదీ లేదు.

నీవాగట్టు:
సార్, ఆ ఉత్తర్వు ఉండగానే చిత్తూరు సహకార చక్కెర ఫ్యాక్టరీ మూతపడింది. గాజులమండ్యందీ మూతపడింది. బకాయిల కోసం చెరకు రైతులు తిరిగిన తిరుగుడు మా ఇంట్లోనే చూశా. చివరికి సగం మంది చెరకు తీసేసి ఏం పెట్టారో తెలుసా? మామిడి.

రిటైర్డ్ లెక్చరర్:
నిజమే. చట్టం ఉంటే బకాయి అడిగే హక్కు ఉంటుంది, ఫ్యాక్టరీని బతికించే శక్తి చట్టానికి లేదు. అందుకే ధరను చట్టంలో పెట్టమని నేను అనను. చెల్లింపు గడువు, స్టాకు వివరాలు, టోకెన్ వేసిన రోజే కాయ దించుకోవడం, ఈ మూడూ పెట్టమంటాను. పొరుగున కర్ణాటకకు కేంద్రం రెండున్నర లక్షల టన్నులకు క్వింటాకు 1,616 రూపాయల ధర కట్టి, మార్కెట్‌లో అంతకంటే తగ్గితే తేడా సొమ్ము ఇస్తామంది. మనం 4 రూపాయలిచ్చాం. రెండూ మంటలు ఆర్పే డబ్బులే.

వైట్‌ఫీల్డ్‌లో చిత్తూరోడు:
స్టాకు వివరాలు బయటపెట్టించడానికి నాకు అభ్యంతరం లేదు. అది ధరలో వేలు పెట్టడం కాదు, మార్కెట్‌కు లైటు వేయడం. చెల్లింపు గడువు కూడా సరే, ఒప్పందం అమలు చేయించడం కోర్టు పనే. కానీ 'టోకెన్ రోజే దించుకోవాలి' అంటే మిషన్ సామర్థ్యం ఎవరు పెంచుతారు?

డ్రమ్ము లెక్క:
ఎవరూ పెంచక్కర్లేదు. సామర్థ్యానికి మించి టోకెన్లు ఇవ్వకపోతే చాలు. రోజుకు ఎంత ఆడుతుందో ప్రతి యూనిట్ బోర్డు మీద రాసే ఉంటుంది. కానీ టోకెన్లు ఎక్కువ ఇస్తే గేటు బయట ట్రాక్టర్లు నిలుస్తాయి. ట్రాక్టర్లు నిలిస్తే కాయ మెత్తబడుతుంది. మెత్తబడితే తరుగు వస్తుంది. అర్థమైందనుకుంటా.

మామిడితోట:
అర్థమైంది అన్నా. బాగా అర్థమైంది.

పూత వచ్చేలోపు సోమవారం కలెక్టరాఫీసు గ్రీవెన్స్‌లో అర్జీ పెడదామనుకుంటున్నా, బంగారుపాళ్యం, పాకాల, పూతలపట్టు, ఐరాల వైపు నుంచి ఎంతమంది వస్తే అంతమంది. ధర గురించి ఒక్క ముక్క అడగం. ప్రతి యూనిట్ స్టాకు ఎంత, రోజుకు ఎన్ని టోకెన్లు, ఎన్ని రోజుల్లో డబ్బు. ఇంకేమైనా కలపాలా?

పలమనేరు పాడి:
కాటా చీటీ. మా పాల మిషన్‌లా కాయ బరువు, తరుగు, కారణం మూడూ చీటీ మీద పడాలి. మా సంఘం ఆడవాళ్లం ఒక ఆటోలో వస్తాం. మా ఇళ్లలోనూ తోతాపురి ఉంది.

కుప్పం కాలువ:
ఈ-పంటలో (సర్కారు పంటల నమోదులో) ఎక్కిన కాగితం, పాసుపుస్తకం జిరాక్సు పట్టుకెళ్లండి. అవి లేకపోతే ముందు అదే అడుగుతారు.

డ్రమ్ము లెక్క:
అర్జీ డ్రాఫ్ట్ నేను రాసిస్తా, ఏ కాలమ్‌లో ఏం అడగాలో నాకు తెలుసు. పర్సనల్ మెసేజ్‌లో పంపుతా. నా పేరు మాత్రం ఎక్కడా రావొద్దు, వచ్చే జూన్‌లో ఆ గేటు లోపల కూర్చునేది నేనే.